ఒకే బల్ల, ఒకే పాత్ర: బిషప్ అజరయ్య గారి జీవితము

శతజయంతి సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదిగా కమిటీవారు కోరినప్పుడు ఏ విషయము ఎన్నుకోవాలా అని మేము కొన్నాళ్ళు ఆలోచించాము. దేవాలయములు ఎప్పుడు కట్టారు, ఏ గురువుగారు ఎన్ని సంవత్సరములు సేవ చేశారు అన్న వివరములు ఇతర సభ్యులు మాకంటె బాగా వ్రాయగలరు. మేము భోగాపురంలో కాపురముండే సామాన్య విశ్వాసులము. మా ఊరు విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం పోయే పెద్ద రోడ్డు మీద ఉన్నది. ఒకవైపు కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు, మరొకవైపు ముక్కాం, చేపలకంచేరు వంటి మత్స్యకారుల పల్లెలు. 2015 నుంచి విమానాశ్రయము కొరకు జరిగిన భూసేకరణలో పొలములు, ఇళ్ళు విడిచి పునరావాస కాలనీలకు తరలిన కుటుంబములు మా చుట్టుపక్కల ఉన్నవి. ఇటువంటి చోట నివసించేవారికి ఒక ప్రశ్న తరచు ఎదురవుతూ ఉంటుంది. ఆదివారము ఆరాధనతో సంఘము పని అయిపోయినట్లేనా? పొరుగువాని న్యాయము, ఊరిలోని సమాధానము, ఇవి సంఘము పనులు కావా?

ఈ ప్రశ్నకు మాటలతో గాక జీవితముతో జవాబు చెప్పిన ఒక మహనీయుని చరిత్రను మా సంఘ సభ్యులకు జ్ఞాపకము చేయుట మంచిదని మాకు తోచినది. ఆయనే దోర్నకల్ ప్రథమ అధ్యక్షులు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. ఆయన మన ఉత్తరాంధ్రలో సేవ చేయలేదు. ఆయన తిరిగిన ఊళ్ళు ఎక్కువగా కృష్ణా గోదావరి ప్రాంతములలోను, నాటి నైజాము రాజ్యములోను ఉన్నవి. పైగా ఆయన పుట్టుకతో తెలుగువాడు కూడా కాడు. అయినను తెలుగు క్రైస్తవులమైన మనకు ఆయన అందరివాడు.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశములోని తిరునెల్వేలి ప్రాంతమున, వెళ్ళాలన్‌విళై అను పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు హైందవ కుటుంబము నుండి క్రీస్తును నమ్ముకొని, ఆ పల్లె సంఘమునకే గురువైనవారు. తల్లి ఎల్లెన్ గారు. పెండ్లియైన చాలా ఏండ్లకు కలిగిన బిడ్డ గనుక బైబిలులోని హన్నా కుమారుని పేరే ఈ బిడ్డకు పెట్టుకున్నారు.

వారి కులము నాడార్లు. ఈనాడు నాడార్లు వ్యాపారములోను విద్యలోను బాగా పైకి వచ్చినవారే. కాని నూటయేబది ఏండ్ల క్రిందటి మాట వేరు. తాటిచెట్లు ఎక్కి కల్లు గీయుట వారిలో చాలమంది వృత్తి. గుడిలోనికి రానిచ్చేవారు కారు. తిరువాన్కూరు రాజ్యములో నాడారు స్త్రీలు రవిక తొడుగుకొనే హక్కు కోసము ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చినది. ఇంత అవమానము పొందిన జాతి క్రీస్తు సంఘములో తలయెత్తి నిలబడుటను అజరయ్య గారు పసితనము నుండి చూచారు. ఒక జాతి తన స్థితిని మార్చుకొనగలదన్న నమ్మకము ఆయనకు పుస్తకములలో దొరికినది కాదు. స్వంత ఇంటిలోనే చూచినది.

1889లో తండ్రి మరణించారు. తల్లి కష్టపడి చదివించినది. 1893లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి గణితము చదివారు. అక్కడ కె.టి. పాల్ గారి వంటి మిత్రులు దొరికారు. పరీక్షల సమయమున జబ్బుపడుటచే డిగ్రీ చేతికి రాలేదు. ఆ తరువాత కూడా ఆయన ఆ డిగ్రీ కోసము వెనుకకు పోలేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. పరీక్ష తప్పినవాడు పనికిరానివాడు అనుకొనే మన పిల్లలకు, పిల్లలకంటె ముందు తల్లిదండ్రులకు, ఈ సంగతి తెలియవలెను.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలో ప్రవేశించి, దక్షిణ భారతమంతట యువకుల మధ్య తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. ఆ రోజులలో కాలేజీ చదువు చదివిన బహు కొద్దిమంది దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తరువాతి కాలములో దోర్నకల్ పల్లె స్త్రీల మధ్య ఆమె చేసిన సేవ భర్తగారి సేవకు ఏమాత్రము తీసిపోదు.

1902లో అజరయ్య గారు సింహళదేశములోని యాళ్ళపాణమునకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత డబ్బుతో, తమ స్వంత మనుష్యులతో సువార్త సేవ చేయుట చూచి ఆయన మనస్సు కదిలినది. ఎన్నో ఏండ్లుగా సువార్త విన్న తమ తిరునెల్వేలి సంఘము ఇతరులకొరకు ఏమి చేసినదని తన్ను తాను ప్రశ్నించుకున్నారు. ఆ ప్రశ్న ఫలితముగా 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనెరీ సొసైటీ ఏర్పడినది. విదేశపు ధనము లేకుండా, విదేశపు అజమాయిషీ లేకుండా భారతీయులే నడపవలెనన్నది దాని నియమము. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో కేరీ గారి గ్రంథాలయమున నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపించబడినప్పుడు కూడా ఆయన ముందున్నారు.

తిరునెల్వేలివారు తమ సేవకు ఎన్నుకొన్న చోటు నైజాము రాజ్యములోని దోర్నకల్. బెజవాడ నుండి వరంగల్లు పోవు రైలుమార్గములో అదొక జంక్షను. ఇప్పుడది తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. తమిళుల కానుకలతో తెలుగు పల్లెలలో సేవ. దీనిలో ఉన్న అందమును మనము గమనించవలెను. భాష వేరు, అన్నము తినే తీరు వేరు, రాజ్యమే వేరు. అయినను తిరునెల్వేలి పల్లెలలో ముసలమ్మలు పోగుచేసిన చిల్లర డబ్బులు ఇక్కడి మాలపల్లెలో బడి పెట్టించినవి.

ఇతరులను పంపి తాను మద్రాసులో ఉండుట అజరయ్య గారికి తృప్తినివ్వలేదు. ఎంతో పేరున్న వై.ఎం.సి.ఏ. ఉద్యోగము వదిలి, 1909లో గురుత్వమునకు అభిషేకము పొంది, ముప్పదియైదవ ఏట దోర్నకల్ చేరారు. మొదట కొన్నాళ్ళు గుడారములోనే కాపురము. తెలుగు అక్షరములు దిద్దుకొని, తప్పులు మాట్లాడుచు, నవ్వించుకొనుచు నేర్చుకున్నారు. కొద్ది కాలములోనే పల్లెవాసులకు అర్థమయ్యే తెలుగులో ప్రసంగము చేయగలిగారు.

1910 జూన్ నెలలో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినది. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియా ఖండమువారు ఇరువది మందికి మించలేదు. వారిలో ఒకరైన అజరయ్య గారికి విదేశ సేవకులకును దేశీయ సేవకులకును మధ్యగల సహకారమును గురించి మాట్లాడు అవకాశము కలిగినది. సభకు పిలిచినవారిని సంతోషపెట్టి కూర్చొనుట సులభము. ఆయన అట్లు చేయలేదు. మిషనెరీలు ఎన్నో త్యాగములు చేసినందుకు కృతజ్ఞత చెప్పుచునే, వారు మనలను సేవకులుగా చూచుచున్నారే గాని స్నేహితులుగా చూచుట లేదని, ఒక బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుట లేదని కుండబద్దలు కొట్టినట్లు చెప్పారు. మాకు మీ దానములకంటె మీ స్నేహము ముఖ్యమన్నది ఆయన మాటల సారాంశము. సభలో కొందరు నొచ్చుకున్నారు. మరికొందరు సిగ్గుపడ్డారు. ఆనాటినుండి మిషనెరీ చరిత్ర వ్రాసే ప్రతివారు ఆ ప్రసంగమును తప్పక జ్ఞాపకము చేస్తారు.

నిజము చెప్పకుండా నెలకొల్పిన సమాధానము నిలువదని ఈ సంఘటన మనకు నేర్పుచున్నది. గాయము మీద గుడ్డ కప్పితే మానదు గదా. లోపలి చీము తీయవలెను. అజరయ్య గారు చీము తీసినవారే గాని ద్వేషము పెంచినవారు కారు. ఆ సభ తరువాత కూడా ఎందరో ఆంగ్లేయులు ఆయనకు ప్రాణస్నేహితులుగా ఉన్నారు.

వారిలో మద్రాసు అధ్యక్షులు వైట్‌హెడ్ గారొకరు. భారతీయుడొకడు అధ్యక్షుడు కావలెనని పట్టుపట్టినవారు ఆయనే. దీనికి ఎదురుమాటలు చాల వచ్చినవి. ఆంగ్లేయ గురువులు ఒక భారతీయుని క్రింద ఎట్లు పనిచేయగలరని కొందరు, ఇంకను కాలము రాలేదని కొందరు అన్నారు. చివరకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రలులో అజరయ్య గారు అధ్యక్షులుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు అధ్యక్షుడగుట అదే మొదటిసారి. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరములు. మొదట ఆయనకప్పగించిన అధ్యక్ష ఖండము చాల చిన్నది. ఆయన పని చూచిన తరువాత, 1920 తరువాతి ఏండ్లలో, కృష్ణా ప్రాంతములోని పెద్ద సంఘములు కూడా ఆయన క్రిందికి వచ్చినవి.

ఇక ఆయన జీవితములో మా మనస్సును ఎక్కువగా పట్టుకొనే భాగమునకు వచ్చాము.

ఆనాటి తెలుగు పల్లెలో మాలపల్లె ఒకచోట, మాదిగపల్లె ఒకచోట, రెండును ఊరికి దూరముగా ఉండేవి. ఊరి బావిలో నీళ్ళు తోడరాదు. చెప్పులు తొడుగుకొని వీధిలో నడువరాదు. నైజాము ఇలాకాలో దొరలకు వెట్టిచాకిరి చేయవలెను. ఇట్టి ప్రజలు కుటుంబములు కుటుంబములుగా, కొన్నిచోట్ల పల్లెకు పల్లెగా క్రీస్తును వెదకుచు వచ్చారు. అజరయ్య గారి కాలములో ఆ అధ్యక్ష ఖండములో చేరినవారు సుమారు రెండు లక్షలమంది అని చెప్పుదురు. వారిలో అత్యధికులు మాలలు, మాదిగలు.

అన్నము కోసము వచ్చారు, బడి కోసము వచ్చారు అని చాలమంది ఎగతాళి చేశారు. అజరయ్య గారు ఈ మాటకు కోపపడలేదు, దానిని ఊరక కొట్టివేయనూ లేదు. మనిషి ఏ కారణముతో తలుపు తట్టినా, లోపలికి వచ్చిన తరువాత అతనికి ఏమి నేర్పుచున్నామన్నదే ఆయనకు ముఖ్యము. అందుచేత బాప్తిస్మమునకు ముందు నెలల తరబడి బోధ. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణము నోటికి రావలెను. పల్లెకొక ఉపదేశి, రాత్రి బడి, పాటలు. కల్లు సారాయి మానవలెను. చచ్చిన పశువుల మాంసము తినరాదు. బాల్యవివాహములు చేయరాదు. ఇల్లు, వాకిలి, ఒళ్ళు శుభ్రముగా ఉంచుకొనవలెను. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలపై నుంచుకొని, తాము పొందిన సువార్తను ఇతరులకు చెప్పకపోతే తమకు శ్రమ అని ఒప్పుకొనే పద్ధతి ఆయన పెట్టారు. బోధించుట అయ్యగారి పని, వినుట మన పని అన్న అలవాటు అక్కడ మొలకెత్తకుండా చేశారు.

ఈ మార్పుకు వెల ఉన్నది. ఆదివారము పనికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు పల్లెవారు దెబ్బలు తిన్న సందర్భములున్నవి. కూలి పోయినది, కౌలు పోయినది. అయినను నిలబడ్డారు. అప్పుడొక వింత జరిగినది. నిన్నటివరకు తాగి తన్నుకొన్నవారు ఇప్పుడు అక్షరములు చదువుకొనుచు, అప్పులు తీర్చుకొనుచు, పాటలు పాడుకొనుచు ఉండుట చూచి, ఊరిలోని ఇతర కులములవారిలో కూడా కొందరు సువార్త వినుటకు వచ్చారు. ఎవరిని ఊరు అంటరానివారన్నదో వారి జీవితమే ఊరికి బోధయైనది.

అయితే బయటి గోడకంటె లోపలి గోడ గట్టిది. ఊరివారు మాలను దూరముంచితే, మాల మాదిగను దూరముంచేవాడు. ఇద్దరును ఒకరి చేతి అన్నము ఒకరు తినేవారు కారు. క్రైస్తవులైన తరువాత కూడా మాకు వేరే దేవాలయము, మాకు వేరే ఉపదేశి అని అడిగేవారు. ప్రభు సంస్కారములో ఒకే పాత్రలో త్రాగుట వచ్చినప్పుడు ఈ రోగము బయటపడేది. వేరువేరు పాత్రలు పెట్టితే గొడవ ఉండదు, సంఖ్య పెరుగుతుంది. అజరయ్య గారు దానికి ఒప్పుకోలేదు. ప్రభువు బల్ల ఒకటే, పాత్ర ఒకటే అన్నదే ఆయన నియమము. ఎన్నో ఊళ్ళలో గంటల తరబడి చెట్టు క్రింద కూర్చొని, ఇరుపక్షముల పెద్దలతో మాట్లాడి, ప్రార్థించి, ఆ ఒకే పాత్రయొద్దకు తెచ్చారు. కొన్నిచోట్ల తేలేకపోయారు కూడా. కులము తన సంఘములో పూర్తిగా చచ్చిపోయినదని ఆయన ఎన్నడును గొప్పలు చెప్పుకోలేదు.

ఈ భాగము వ్రాయునప్పుడు మాకు చిన్ననాటి సంగతి ఒకటి జ్ఞాపకము వచ్చినది. ఊరి పేరు, సంఘము పేరు చెప్పము. ఆ దేవాలయములో సంస్కారమునకు కొన్ని కుటుంబములవారు ముందుగా వెళ్ళేవారు, కొన్ని కుటుంబములవారు తరువాత వెళ్ళేవారు. ఎవరును ఎవరికిని ఆజ్ఞ ఇచ్చినట్లు మాకు తెలియదు. అలవాటు, అంతే. ఒకసారి వెనుక వరుసలోని ఒక ముసలాయన చూపు సరిగా కానరాక ముందు వరుసలో పోయి మోకరించాడు. ఆయన ప్రక్కన మోకరించిన ఇద్దరు మెల్లగా లేచి, తరువాతి వరుసలో కలిశారు. ఎవరును ఏమియు అనలేదు. పాట ఆగలేదు. ఆ ముసలాయన మాత్రము తరువాత చాల వారములు దేవాలయమునకు రాలేదు. మా తండ్రిగారు ఆ సంగతి ఇంటిలో చెప్పి, తాను ఆ రోజు లేచి ఆయన ప్రక్కన మోకరించవలసినది, చేయలేకపోయితినని బాధపడ్డారు. అజరయ్య గారి చరిత్ర చదివినప్పుడెల్లా ఆ ఖాళీయైన చోటు మా కండ్లకు కనబడుతుంది.

అజరయ్య గారు ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెపల్లెకు తిరిగేవారు. అన్బమ్మ గారు వెంట ఉండి స్త్రీలను ఒకచోట కూర్చుండబెట్టి చదువు, శుభ్రత, పిల్లల పెంపకము నేర్పేవారు. దోర్నకల్‌లో బడులు, ఉపదేశులకు శిక్షణ, చేతిపనులు, వ్యవసాయము నేర్పు పాఠశాలలు, ముద్రణాలయము, వైద్యము వెలసినవి. అప్పుల బాధ నుండి విడిపించుటకు సహకార సంఘములు పెట్టించారు. కానుక ఇచ్చుట ధనికుల పని కాదు, ప్రతివారి పని అని ఆయన నేర్పారు. దినకూలి ఇంటిలో సైతము వంట చేయునప్పుడు ఒక పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసి ఉంచవలెను. క్రైస్తవ దాతృత్వమును గురించి ఆయన ఒక గ్రంథమే వ్రాశారు. ఇచ్చే చేయి కలవాడు ఇక బిచ్చగాడు కాడు. పేదవానికి ఇంతకంటె గొప్ప గౌరవము లేదు.

తెలుగు పాటన్న, భజనయన్న, కోలాటమన్న ఆయనకెంతో ప్రీతి. మన ఉత్తర తీరమున సేవ చేసిన పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలు తెలుగు సంఘములన్నిటను మ్రోగుచున్నవి గదా. విదేశపు రాగము లేకుండ కూడ దేవుని స్తుతింపవచ్చునని చౌదరి గారు పాటతో చూపినది అజరయ్య గారు రాతితో చూపారు. దోర్నకల్‌లోని ఎపిఫనీ కతీడ్రలు 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది. దాని గుమ్మటములు, మినారులు మహమ్మదీయ కట్టడములను, స్తంభములు దక్షిణదేశపు దేవాలయములను జ్ఞాపకము చేస్తాయి. ఇరుగుపొరుగు మతములవారి చేతిపనిని ఆదరముతో తెచ్చి క్రీస్తు సన్నిధిలో నిలిపిన కట్టడమది.

దేశ రాజకీయములలో కూడా ఆయన ఒక గట్టి నిర్ణయము తీసుకున్నారు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వము మతములవారీగా ప్రత్యేక నియోజకవర్గములు ప్రకటించి, భారతీయ క్రైస్తవులకు కూడా ఇచ్చినది. సీట్లు దొరికినవని సంతోషించినవారున్నారు. అజరయ్య గారు వ్యతిరేకించారు. సంఘము తన సీట్ల కోసము పోట్లాడే ఒక గుంపుగా మారితే, అందరికి సేవ చేయు తన పిలుపును పోగొట్టుకొంటుందని, క్రైస్తవుడు తన పొరుగువానితో కలిసి ఓటు వేయవలెను గాని అతనినుండి విడిపోరాదని ఆయన అభిప్రాయము.

మరల అదే కాలములో గాంధీగారితో ఆయనకు గట్టి భేదాభిప్రాయము కలిగినది. హరిజనుల మతమార్పు వారి అజ్ఞానమును ఆసరా చేసుకొని జరుగుచున్నదని గాంధీగారి బాధ. పేదవానికి కూడా తన ఆత్మను గురించి తానే నిర్ణయించుకొనే తెలివి, హక్కు ఉన్నవని అజరయ్య గారి నిశ్చయము. ఇద్దరును దేశభక్తులే, ఇద్దరును అంటరానితనమును ద్వేషించినవారే. అయినను ఈ విషయములో ఏకీభవించలేకపోయారు. దీనిని దాచవలసిన పని లేదు. సమాధానపరచువాడంటే ఎవరితోను విభేదించనివాడని అర్థము కాదు. ఎదుటివానిని శత్రువుగా చూడకుండా విభేదించుట తెలిసినవాడని అర్థము.

1935 అక్టోబరులో డాక్టరు అంబేద్కర్ గారు తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. ఆ రోజులలో ఆయన అజరయ్య గారిని ఒక చిక్కు ప్రశ్న అడిగారని పెద్దలు చెప్పుకొనేవారు. మా ప్రజలు క్రైస్తవులైతే ఏ సంఘములో చేరవలెను, ఇప్పుడు ఒకటిగా ఉన్నవారు అప్పుడు పది ముక్కలు కారా అన్నది దాని భావము. ఆ ప్రశ్న అజరయ్య గారిని సిగ్గుపడజేసినదట. సంఘ ఐక్యత ఆయనకు కొత్త విషయము కాదు. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకొని ఐక్యతా ప్రకటన చేసినప్పుడు దానికి మూలపురుషులలో ఆయన ఒకరు. ఇద్దరు తప్ప అక్కడ కూడినవారందరు భారతీయులే. 1927లో లౌసానులో జరిగిన అంతర్జాతీయ సభలోను ఆయన ఇదే మాట చెప్పారు. సంఘముల చీలిక పాశ్చాత్యులకు కేవలము చరిత్ర కావచ్చును గాని, సువార్త వినని దేశములో అది పాపమని, అడ్డుగోడ అని ఆయన వాదము. 1929 నుండి మరణమువరకు జాతీయ క్రైస్తవ సమాజమునకు అధ్యక్షులుగా అన్ని సంఘములవారిని ఒక బల్లయొద్దకు తెచ్చుటకు పాటుపడ్డారు.

ఆ ఐక్యతను కండ్లారా చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. 1944 క్రిస్మస్ జరుపుకొని, 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. కతీడ్రలు ప్రక్కనే ఆయనను సమాధి చేశారు. రెండు సంవత్సరములు దాటిన తరువాత, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో ఆంగ్లికన్, మెథడిస్టు, ఐక్య సంఘములవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడ్డారు. ఆయన నాటిన విత్తనము ఆయన లేనప్పుడు మొలిచినది.

ఇక మన సంగతి. మన ఉత్తరాంధ్ర తీరమునకు సువార్త కొత్తది కాదు. 1805లోనే లండన్ మిషనెరీలు విశాఖపట్నంలో అడుగుపెట్టారు. తరువాత కతోలికులు, కెనేడియన్ బాప్టిస్టులు, సాలూరు వైపు లూథరనులు వచ్చారు. బడులు, ఆసుపత్రులు, కుష్ఠురోగుల ఆశ్రయములు వెలసినవి. వీటికొరకు మనము దేవునికి కృతజ్ఞులము. కాని అంబేద్కర్ గారి ప్రశ్న ఈనాటికిని మన వీధిలో నిలబడి ఉన్నది. ఒకే పేటలో నాలుగు దేవాలయములు, ఒకరి క్రిస్మస్‌కు ఒకరు పోరు.

న్యాయము విషయము కూడ అంతే. 2012 జూన్ 12న వంగర మండలములోని లక్ష్మీపేటలో, మడ్డువలస జలాశయము భూముల తగాదాలో ఐదుగురు దళితులు హత్యకు గురియైనారు. అది మన జిల్లాలలోనే జరిగినది. అట్టి దినమున సంఘము ఎక్కడ ఉండవలెను? చనిపోయినవారి ఇంటి వాకిట ఉండవలెను, న్యాయస్థానము మెట్ల మీద ఉండవలెను, ఇరుకులముల పిల్లలు కలిసి చదివే బడిలో ఉండవలెను. మూడు చోట్లను ఉండగలిగినప్పుడే అది అజరయ్య గారి సంఘము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. మన రాష్ట్రములో వెనుకబడిన తరగతులలోని సి గ్రూపులో ఒక శాతము రిజర్వేషను మాత్రమే ఉన్నది. ప్రభుత్వమును న్యాయమడుగుట మన హక్కు. ప్రభువు బల్ల దగ్గర కులమును పాటించుచు ఆ న్యాయము అడిగితే మాత్రము మన నోటిలో మాటకు బలముండదు.

మా ఊరి సంగతితో ముగిస్తాము. భూములు పోయిన కుటుంబములు మా సంఘములో ఉన్నవి, సంఘము బయట అంతకంటె ఎక్కువ ఉన్నవి. నష్టపరిహారము వచ్చినవాడు ఉన్నాడు. కౌలుకు దున్నినవాడు, కూలికి పోయినవాడు పట్టా లేక ఏమియు రానివాడు ఉన్నాడు. కాగితము చదువలేనివానికి చదివి చెప్పుట, ఆఫీసుకు తోడుగా వెళ్ళుట, కొత్త కాలనీలో పేరు అడగకముందే కులమడిగే అలవాటును అడ్డుకొనుట, సారాయి తాగి పరిహారపు డబ్బు పోగొట్టుకొనేవానిని తమ్మునిలా మందలించుట, ఇవి పెద్ద పనులు కావు. కాని ఎడ్లబండి మీద తిరిగిన ఆ అధ్యక్షులు చేసినవి కూడా ఇటువంటి పనులే.

ఈ శతజయంతి సంవత్సరములో కొత్త గంటలు, కొత్త రంగులు, కొత్త శిలాఫలకములు తప్పక ఉంటవి. ఉండవలసినవే. వాటితోపాటు వచ్చే ప్రభు సంస్కారపు ఆదివారమున మన ప్రక్కన ఎవరు మోకరించారో ఒకసారి చూచుకొందము. ఎప్పుడును మన ప్రక్కకు రానివారెవరో కూడ చూచుకొందము. వారికోసము చోటు ఉంచి, అవసరమైతే మనమే లేచి వారి ప్రక్కకు పోదము. దేవుడు మన సంఘములకు ఆ ధైర్యము దయచేయును గాక.